గర్భం ఆమెది, ప్రశ్నపత్రం నాకెందుకు?

మీ భార్యకి ఐదో నెల అన్నారు. గర్భిణుల, వాళ్ల భర్తల మానసిక ఆరోగ్యం మీద జరుగుతున్న ఒక పరిశోధనలో చేరమని ఇద్దర్నీ అడిగారు, ఆమె ఒప్పుకుంది, మీకేమో 'మధ్యలో నేనెందుకు' అనిపిస్తోంది. మా మొదటి బిడ్డప్పుడు మా ఆయన కూడా అచ్చం ఇదే అన్నారు. చివరికి ఇద్దరం చేరాం.

మిమ్మల్ని ఇప్పుడు అడుగుతున్నారంటే, చాలాకాలం ఎవరూ తండ్రుల్ని అడగలేదు కాబట్టే. కాన్పు తర్వాత డిప్రెషన్ అంటే అది తల్లులకి, హార్మోన్ల వల్ల వచ్చేదని తేల్చేసేవాళ్లు. 2010లో రకరకాల దేశాల అధ్యయనాల్ని కలిపి లెక్కేస్తే, గర్భం మొదటి నెలల నుంచి బిడ్డకి ఏడాది వచ్చేలోపు తండ్రుల్లో దాదాపు 10 శాతం మందికి డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. బిడ్డకి మూడు నుంచి ఆరు నెలల మధ్య అది ఇంకా ఎక్కువ. భార్యాభర్తల్లో ఒకరికి ఉంటే రెండోవాళ్లకీ ఉండే అవకాశం పెరుగుతుందని కూడా అందులోనే కనిపించింది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో 1990ల మొదట్లో పుట్టిన వేలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తున్న పెద్ద అధ్యయనం ఒకటుంది. బిడ్డ పుట్టిన ఎనిమిది వారాలకి తండ్రి డిప్రెషన్‌లో ఉంటే, ఆ పిల్లల్లో మూడున్నరేళ్ల వయసులో ప్రవర్తన సమస్యలు కాస్త ఎక్కువగా ఉన్నాయని 2005లో ఆ వివరాల నుంచే రాశారు. తల్లి డిప్రెషన్‌ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. ఇవి చదివి కొత్త టెన్షన్ పెట్టుకోకండి, సగటు లెక్కలు ఏ ఒక్క ఇంటి జాతకమూ చెప్పవు.

మీకిచ్చే ఫారాల్లో డిప్రెషన్ ఉందేమో పసిగట్టే ఎడిన్‌బరో స్కేల్ అనే ప్రశ్నపత్రం ఉండొచ్చు. 1987లో తల్లుల కోసం తయారుచేశారు. పదే ప్రశ్నలు, గత ఏడు రోజుల్లో ఎలా ఉన్నారన్నదే అడుగుతాయి, మొత్తం స్కోరు 30. మగవాళ్లు ఏడుపు గురించిన ప్రశ్నకి తక్కువగా 'అవును' అంటారు కాబట్టి వాళ్లకి కటాఫ్ కొంచెం తగ్గించాలని చెప్పిన పరిశోధకులున్నారు. స్కోరు ఎక్కువొస్తే జబ్బు ఉన్నట్టు కాదు, డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాలని అర్థం.

మా ఇద్దరి చేతా వేర్వేరు గదుల్లో నింపించారు. మీ దగ్గర అలా చెయ్యకపోతే మీరే అడగండి. పక్కన నేనుంటే మా ఆయన అన్నిటికీ 'బాగానే ఉన్నాను' అని టిక్ పెట్టేసేవారు. బాబుకి నాలుగో నెలలో ఆ ఫారం మళ్లీ నింపించినప్పుడు నాకన్నా ఆయన స్కోరే ఎక్కువొచ్చింది! అప్పటికి కొన్ని వారాలుగా చిన్నదానికీ పెద్దదానికీ చిరాకు, బాబు పడుకున్నా ఈయనకి నిద్ర పట్టకపోవడం, పని లేకపోయినా ఆఫీసులోనే ఉండిపోవడం. మా అత్తగారితో సహా అందరూ దానికి ఆఫీసు ఒత్తిడి అని పేరు పెట్టేశారు. ఆయన్ని నేరుగా 'మీకెలా ఉంది' అని అడిగింది మాత్రం ఆ కాగితమే.

అయితే పరిశోధన వేరు, వైద్యం వేరు. సంతకం పెట్టేముందు నేను పట్టుబట్టి అడిగింది ఒక్కటే: స్కోరు ఎక్కువొస్తే ఎవరు, ఎన్నాళ్లలో ఫోన్ చేస్తారు? మా విషయంలో చేశారు, కౌన్సెలర్ దగ్గరికి పంపారు, ఆయన కొన్ని నెలలు వెళ్లారు, తేరుకున్నారు. దీనికి సరైన జవాబు లేని చోట ఫారాలు నింపి లాభం లేదు. జవాబులు మీ డాక్టరుకి చేరతాయా, పేరు తీసేసి దాస్తారా, రక్తం శాంపిల్ తీసుకుంటే దేనికి అన్నవి కూడా కనుక్కోండి. ఇష్టం లేకపోతే కారణం చెప్పకుండానే మధ్యలో మానేయొచ్చు, దానివల్ల ఆమె వైద్యానికి ఏ ఇబ్బందీ రాకూడదు. మొత్తం ఫలితాలు పంపిస్తామని మాకు మాటిచ్చారు, ఆ ఉత్తరం ఇంకా దారిలోనే ఉన్నట్టుంది.

మీ ప్రశ్న చివర్లో, ఆమె ఈమధ్య రోజూ దిగులుగా ఉంటోందనీ, కాన్పు అయితే అదే సర్దుకుంటుందని పెద్దవాళ్లు అంటున్నారనీ రాశారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. 2013లో అమెరికాలో పదివేలమంది బాలింతల్ని పరీక్షించిన అధ్యయనంలో, డిప్రెషన్ అని అనుమానించినవాళ్లలో మూడోవంతు మందికి అది గర్భంలోనే మొదలైంది, పావు వంతుకి పైగా మందికి అంతకు ముందునుంచే ఉంది. కాన్పయ్యాక రెండు వారాల్లో పోయే ఏడుపు వేరే సంగతి. దిగులు రెండు వారాలు దాటి రోజంతా ఉంటే పరిశోధన వాళ్ల పిలుపు కోసం ఆగకుండా, తర్వాతి చెకప్‌లోనే గైనకాలజిస్టుకి చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, కాన్పు తర్వాత నిద్రే లేకుండా లేనివి కనిపించడం, వినిపించడం మొదలైనా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ రెండోది వెయ్యిమందిలో ఒకరిద్దరికే వస్తుంది గానీ, వస్తే ఆగే సమయం ఉండదు.