ఉద్యోగం చూశాకే కోర్సు చెప్పు, బిడ్డా

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

మండల సమాఖ్యలో నిరుద్యోగులకు శిక్షణ ఇప్పించి ఉద్యోగాలు చూపించే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. ఈ పనిలో ఎక్కువమంది ముందు కోర్సులో చేర్పించి, అది అయిపోయాక ఉద్యోగం వెతకడం మొదలుపెడతారు. నువ్వు తిరగేసి చెయ్యి. ఏ కంపెనీలో, ఏ పనికి, ఎంత జీతానికి మనుషులు కావాలో తెలిశాకే ఊళ్లో చాటింపు వేయించు.

అందుకు పాశమైలారం, పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు నెలకు రెండు రోజులైనా తిరగాలి. హెచ్‌ఆర్ ఆఫీసులో కార్డు ఇచ్చి వచ్చేయకు. లోపల పని చేయించే సూపర్‌వైజర్‌ను కలువు. పోయిన నెలలో ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు, గేటు దగ్గర ఏం పరీక్ష పెడతారు, తీసుకునేది కంపెనీ రోల్‌లోనా కాంట్రాక్టరు కిందనా అని అడుగు. మనుషులు ఎందుకు మానేస్తున్నారో దాచకుండా చెప్పే సూపర్‌వైజర్ దొరికితే ఆ పరిచయం వదులుకోకు.

గేటు పరీక్ష సంగతి ఎందుకు అడగమంటున్నానంటే, వెల్డింగ్‌నే చూడు. చాలా శిక్షణ కేంద్రాల్లో ప్లేటును బల్లమీద పడుకోబెట్టి, 6013 రకం రాడ్‌తో నేర్పుతారు. ఆ రాడ్ ఆర్క్, అంటే రాడ్ కొనకూ ప్లేటుకూ మధ్య లేచే నిప్పు, తేలిగ్గా అందుకుంటుంది, పిల్లలకు పని వచ్చేసిందనిపిస్తుంది. ఫ్యాబ్రికేషన్ షాపులో పరీక్ష రోజు ప్లేటును నిలువుగా బిగించి, చేతికి 7018 రకం రాడ్ ఇస్తారు. ఆర్క్ దూరం కాస్త తేడా వస్తే చాలు, రాడ్ ప్లేటుకు అంటుకుపోతుంది. ఆగిన రాడ్‌తో మళ్లీ ఆర్క్ అందుకోవడం ఇంకా కష్టం. పైగా 7018 తేమ తగలకుండా వేడి చేసి వాడాల్సిన రాడ్. తడి రాడ్‌తో వేస్తే అతుకులో బొక్కలు, పగుళ్లు వస్తాయి. ఈ సంగతి తెలియని పిల్లవాడు తప్పు తన చేతిదే అనుకుని ఇంటికి వచ్చేస్తాడు. అందుకే సెంటర్‌లో చేర్పించేముందు ఒక్కొక్కరికి రోజుకు ఎన్ని రాడ్లు ఇస్తారు, నిలువు పొజిషన్ చేయిస్తారా, 7018 చూపిస్తారా అని అడుగు. రాడ్లు పొదుపు చేసే సెంటర్‌కు పిల్లల్ని పంపకు.

కుట్టుపనిదీ అదే తీరు. ఇంట్లో కాలితో తొక్కే మిషన్ మీద నేర్చుకున్న అమ్మాయికి గార్మెంట్ ఫ్యాక్టరీలోని పవర్ మిషన్ వేగం చేతికి రాదు. ఇంటిదగ్గర జాకెట్లు కుట్టుకుంటానంటే ఆ కోర్సు సరిపోతుంది. ఫ్యాక్టరీకి వెళ్లాలంటే పవర్ మిషన్ ఉన్న సెంటర్ వెతకాల్సిందే.

పేర్లు రాసుకునే పుస్తకంలో చదువు, వయసు రాసి ఆపేయకు. రాత్రి షిఫ్ట్ చేయగలరా, హాస్టల్‌లో ఉండగలరా, ఇంట్లో మంచం పట్టినవాళ్లు ఉన్నారా, ఆదాయం లేకుండా ఆ ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది అన్నవి కూడా అడిగి రాసుకో. నెల కూడా గడవని ఇంటి మనిషిని మూడు నెలల కోర్సులో కూర్చోబెడితే మధ్యలోనే వెళ్లిపోతాడు. అది అతని తప్పు కాదు.

కాగితాలు మొదటి వారంలోనే చూడు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. పుట్టినతేదీ కూడా తేడా ఉండొచ్చు. మెమోను పక్కన పెట్టుకుని దాని ప్రకారమే ఆధార్ దిద్దించు. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, తొందరపడి తప్పు రాయిస్తే చాలా ఇబ్బంది. ఇదివరకు ఎక్కడైనా పనిచేసినవాళ్లకు పీఎఫ్ యూఏఎన్ నంబరు ఉండే ఉంటుంది. కొత్త కంపెనీలో ఆ పాత నంబరే ఇమ్మను. పాత కంపెనీ మానేసిన తేదీ ఎక్కించిందో లేదో కూడా చూడు, అది లేకపోతే పాత డబ్బు కదలదు.

ఇక జీతం. గ్రాస్ 15,000 అని చెబితే పిల్లలు 15,000 చేతికొస్తాయనుకుంటారు. బేసిక్ 12,000 అయితే పీఎఫ్ 12 శాతం కింద 1,440 పోతుంది. ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 113. చేతికొచ్చేది 13,447. అందులోంచి గది అద్దె, తిండి, బస్సు తీసేసి చూపించు. ఈ లెక్క చేరకముందే తల్లిదండ్రుల ఎదుట తెల్లకాగితం మీద వెయ్యి. పీఎఫ్ ఎక్కడికీ పోదని, కంపెనీ కూడా తన వాటా వేస్తుందని అప్పుడే చెప్పు.

నెల మధ్యలో చేరినవాళ్లకు మొదటి జీతం వచ్చే నెలలో వస్తుంది, అదీ పనిచేసిన రోజులకే. అప్పటిదాకా గది అడ్వాన్స్, మెస్, చాప, బకెట్ అన్నీ చేతిడబ్బుతోనే జరగాలి. పనిలో నిలవాలని ఉండి కూడా చాలామంది ఇక్కడే ఓడిపోతారు. పిల్లవాడి తల్లి మహిళా సంఘంలో సభ్యురాలైతే ఎనిమిది పదివేల చిన్న అప్పు ముందే మాట్లాడిపెట్టు. సమాఖ్యలో కూర్చున్న నీకు అది చేతిలో పని.

ఒకే ఊరివాళ్లను ఇద్దరు ముగ్గురుగా పంపితే ధైర్యంగా ఉంటారు. కానీ ఎనిమిదిమందిని ఒకే గదిలో పెట్టకు, ఒకడు సంచి సర్దితే మిగతావాళ్లూ సర్దుతారు. ఆడపిల్లలైతే చేరకముందే ఒక తల్లిని తీసుకెళ్లి హాస్టల్, బాత్రూములు, రాత్రి షిఫ్ట్ బండి చూపించు.

ఐటీఐ పాసైనవాళ్లకు అప్రెంటిస్‌షిప్ మంచి దారి. 30 మంది, అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని చట్టమే చెబుతోంది. నువ్వు అడగడానికి ఆ ఆధారం చాలు. నాప్స్ అనే కేంద్ర అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్రం ఇస్తుంది. అయితే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో కాంట్రాక్ట్ నమోదైందని కళ్లారా చూసుకో. నమోదు లేకుండా ఏడాది పనిచేస్తే సర్టిఫికెట్ రాదు.

నలభైకి దగ్గరైనవాళ్లను ఇరవై ఏళ్ల పిల్లలతో కలిపి కూర్చోబెట్టకు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లకు చేతిలో పని ఉంటుంది, కాగితం ఉండదు. ఇదివరకే వచ్చిన పనిని గుర్తించే ఆర్‌పీఎల్ పరీక్ష రాయిస్తే సర్టిఫికెట్ వస్తుంది. సొంతంగా ఏదైనా పెట్టుకుంటామనేవాళ్లను జిల్లాలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకు, అదే ఆర్‌సెటీకి పంపు. బ్యాంకులు నడిపే ఆ సంస్థలో శిక్షణ, తిండి, వసతి అన్నీ ఉచితం. పాడి లాంటివి పది రోజులు, టూవీలర్ రిపేరు లాంటివి నెల. పంపేముందు సిబిల్, అంటే పాత అప్పులు సరిగ్గా కట్టారో లేదో చెప్పే స్కోరు, చూడు. ఫోన్ ఈఎంఐ ఎగ్గొట్టి ఉంటే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర శిశు పథకం కింద 50,000 లోపు అప్పుకు కూడా బ్యాంకు వెనకాడుతుంది.

ఉద్యోగానికి డిపాజిట్ అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామన్నా ఆ ఆఫీసు గడప తొక్కనివ్వకు. గల్ఫ్ అంటే ఏజెంటు పేరు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉండాలి, ఫీజు 30,000, దానిపై జీఎస్టీ, అంతే. విజిట్ వీసా మీద ఎవరినీ ఎక్కనివ్వకు. కంబోడియాలో డేటా ఎంట్రీ అని ఎవరైనా వస్తే వెంటనే పోలీసులకు చెప్పు, అక్కడ సైబర్ మోసాలు చేయించడానికి మన పిల్లల్ని బంధించారు.

చేరినరోజు సాయంత్రం ఫోన్ చెయ్యి. మూడోరోజు, మొదటి ఆదివారం, మొదటి రాత్రి షిఫ్ట్ మర్నాడు, జీతం రోజు కూడా చెయ్యి. ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నా’ అనే అంటారు. ‘నిన్న రాత్రి ఏం తిన్నావు, ఎన్నింటికి పడుకున్నావు’ అని అడుగు. బతుకమ్మ పండుగకు వచ్చినవాళ్లు తిరిగి ఎక్కారో లేదో ఆ వారమే కనుక్కో. మానేసి వచ్చినవాళ్లను మందలించకు, కారణం పుస్తకంలో రాసుకుని పదిహేను రోజుల్లోపు ఇంకో చోటికి పంపు. ఒకే కంపెనీ పేరుమీద అదే కారణం మూడుసార్లు కనిపిస్తే, పుస్తకం పట్టుకెళ్లి ఆ సూపర్‌వైజర్‌కు చూపించు. దిద్దుకుంటామని మాట ఇచ్చేదాకా అక్కడికి కొత్తవాళ్లను పంపకు.

ఇట్లు,
మీ పెద్దనాన్న