పై తీగా, కింది తీగా?

సందేహం: పిల్లలకు బేస్ గిటార్ నేర్పుతుంటాను. ఇన్నేళ్లూ నాలుగు తీగల గిటార్ వాయించి, ఈమధ్యే ఐదు తీగల దానికి మారాను. కొత్తగా వచ్చిన లావు తీగను ‘కింది తీగ’ అంటే పిల్లలు నేల వైపున్న సన్న తీగ మీద వేలు పెడుతున్నారు. ‘పై తీగ’ అందామంటే శృతి ప్రకారం తప్పనిపిస్తోంది. ఏది సరైనది? అసలు ‘తీగ’ అనాలా, ‘తంత్రి’ అనాలా?
– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్

సమాధానం: పిల్లల తప్పేమీ లేదండి. ‘పై’, ‘కింది’ అనే మాటలు మనకు చోటునూ చెబుతాయి, స్థాయినీ చెబుతాయి. ‘పై షడ్జం అందలేదు’, ‘పాట మరీ కింద ఎత్తుకున్నాడు’ అన్నప్పుడు ఎవరూ తల ఎత్తి చూడరు. ఆ లెక్కన మీ మాటే సరైనది. బేస్‌లో ఇన్నాళ్లూ అన్నిటికన్నా లావుగా ఉన్న ఇ తీగ (ఇ, బి అనేవి పాశ్చాత్య స్వరాల పేర్లు) సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తే, మీ కొత్త బి తీగ 31 సార్లే కంపిస్తుంది. నాదంలో అది కిందిదే. కానీ గిటార్ తగిలించుకున్నాక అన్నిటికన్నా పైన, మీ ముఖానికి దగ్గరగా ఉండేదీ అదే. వేలు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కునే పిల్లవాడు చోటునే చూస్తాడు.

‘పై తీగ’కు ఇంకో చిక్కుంది. మొన్నటిదాకా మీ గిటార్ మీద పై తీగ అంటే ఇ. ఇప్పుడు బి. ఇంట్లో నాలుగు తీగల గిటార్ ఉన్న పిల్లవాడికి మీ దగ్గర ఒక పై తీగ, ఇంటి దగ్గర ఇంకో పై తీగ.

వీణ వాయించేవాళ్లు ఈ చిక్కు లేకుండా తీగలకు పేర్లు పెట్టుకున్నారు. మెట్ల మీద వాయించే నాలుగు తీగలు వరసగా సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. అన్నిటికన్నా లావుది అనుమంద్రం. మంద్రాన్ని షడ్జానికి, అనుమంద్రాన్ని దాని కింది పంచమానికి శ్రుతి చేస్తారు. ఆ రెంటి మధ్య ఐదు స్వరస్థానాల దూరం. మీ ఇ నుంచి బికి దిగేదీ సరిగ్గా అంతే దూరం! అందుకే ఈ మాట మీ తీగకు అరువు తెచ్చినట్టు ఉండదు. ఇ మంద్రమైతే బి అనుమంద్రం. రాంకోఠిలోని ప్రభుత్వ సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నవాళ్లెవరైనా తెలిస్తే, ఆ రెండు తీగలూ మీటించుకుని వినండి.

‘ఐదో తీగ’ అన్నా చాలావరకు సరిపోతుంది. లెక్క సన్న తీగ దగ్గర మొదలవుతుంది కాబట్టి జి, డి, ఎ, ఇ తీగల పాత అంకెలు మారవు. కాకపోతే ఐదు తీగలున్న ప్రతి బేస్‌లోనూ బి ఉండదు. ఫెండర్ కంపెనీ 1965లో తెచ్చిన ‘బేస్ ఫైవ్’లో అదనంగా వచ్చింది సన్నని సి తీగ. అక్కడ ఐదో తీగ అంటే ఇ అవుతుంది. నేనైతే పాఠంలో ‘అనుమంద్రం’ అనే అంటాను. మొదటి వారం మాత్రం ‘బొటనవేలి వైపు లావు తీగ’ అని చూపిస్తే చాలు.

ఇక తీగ, తంత్రి రెండూ ఒప్పే. తంత్రి సంస్కృతం నుంచి వచ్చింది. మల్లెకూ రాగికీ వీణకూ సరిపోయిన ‘తీగ’ గిటార్‌కు సరిపోదా? స్ట్రింగ్ అన్నా తప్పులేదు. ‘ఐదు తీగ గిటార్’ అని మాత్రం అనకండి. మూడు కాళ్ల పీట, నాలుగు చక్రాల బండి అన్నట్టే ఐదు తీగల గిటార్. మీరు అలాగే రాశారు, సంతోషం.

ఒక్కటి సరిచేసుకోవాలి. ‘శృతి’ కాదు, ‘శ్రుతి’. వినడం అనే అర్థమున్న ‘శ్రు’ ధాతువు నుంచి వచ్చింది; శ్రవణం, శ్రోత కూడా అక్కడివే. మీరు బోర్డు మీద ఎలా రాస్తే పిల్లలూ అలాగే రాసుకుంటారు.