విక్టరీ కిట్ తెరిచే ముందు ఇది చదువు

చిన్నా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. చేసే మొదటి చెక్క నమూనా ఓడకే హెచ్ఎంఎస్ విక్టరీ కిట్ తెచ్చుకున్నావంటే నీ ధైర్యానికి దండం. ముందు ఒకే మాస్ట్ (తెరచాప కట్టే నిలువు కొయ్య) ఉన్న పడవేదైనా చెయ్యమని చెప్పేవాణ్ణి, కానీ డబ్బు పోశాక ఆ మాట దండగ.

1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ ఎక్కిన ఓడ అది. 104 ఫిరంగులు. అసలు ఓడకు కట్టిన తాళ్ళన్నీ కలిపితే 42 కిలోమీటర్లు. అందరూ వీటిని చూసే టెన్షన్ పడతారు గానీ అవి ఓపిక పనులు, ముడి తప్పు పడితే విప్పి మళ్ళీ కట్టుకుంటావు. హల్, అంటే ఓడ ఒళ్ళు, అలా కాదు, అక్కడ వంకర పోయిందంటే ఆ తర్వాత వచ్చే ప్రతి ముక్కా ఆ వంకర మీదే కూర్చుంటుంది.

ముందుగా ఓడ పొడవునా వెన్నెముకలా నడుమ నిలబడే ప్లైవుడ్ ముక్కను గాజు బల్ల మీద పెట్టి చూడు. పిసరంత వంపు ఉన్నా తడిగుడ్డతో తుడిచి, బరువు పెట్టి, బాగా ఆరనిచ్చి సరిచెయ్యి. బల్క్‌హెడ్లను (ఆ ముక్కకు అడ్డంగా పక్కటెముకల్లా నిలబడే పలకలు) మూలమట్టం పెట్టి అతికించు. ఆరాక హల్‌ను కప్పే చెక్కపట్టీల్లో ఒకదాన్ని జిగురు లేకుండా ముందు నుంచి వెనక దాకా వంచి ఆనించు, ప్రతి బల్క్‌హెడ్ అంచూ పూర్తి మందంతో పట్టీకి తగలాలి, మూల మాత్రమే తగులుతుంటే చెక్కముక్కకు ఉప్పు కాగితం చుట్టి ఏటవాలుగా అరగదియ్యి. పల్లం ఉన్నచోట సన్న ముక్క అతికించి ఎత్తు పెంచు. విక్టరీ ముందుభాగం బాగా గుండ్రం కాబట్టి అక్కడ ఖాళీల్లో మెత్తటి చెక్క దిమ్మెలు నింపి చెక్కుకుంటే పట్టీలకు ఆసరా దొరుకుతుంది. వారాలు పట్టినా సరే, విసుక్కోకు.

ఇక పట్టీల లెక్క. మధ్య బల్క్‌హెడ్ మీద డెక్ నుంచి కింది దాకా కాగితం ముక్కతో కొలిస్తే 150 మిల్లీమీటర్లు వచ్చిందనుకో, 5 మిల్లీమీటర్ల పట్టీలు 30 పడతాయి. ముందు బల్క్‌హెడ్ దగ్గర 90 మాత్రమే ఉంటే ఆ ముప్ఫయ్యీ అక్కడ 3 చొప్పున సర్దుకోవాలి, అంటే ప్రతి పట్టీ కొననూ అంతకు చిత్రిక పట్టాలి. సగం వెడల్పు కన్నా సన్నం చెయ్యాల్సి వస్తే మాత్రం ఆగు, ఒక పట్టీని మధ్యలోనే ఆపేసి పక్కవాటిని దగ్గరికి చేర్చు. వేడినీళ్ళలో నానబెట్టి వంచిన పట్టీని ఆరాకే అతికించు, లేదంటే ఎండాక సందులు పడతాయి. కుడివైపు ఒకటి వేస్తే ఎడమవైపు ఒకటి, ఒకే వైపు వేస్తూ పోతే హల్ మెలి తిరుగుతుంది. ఫెవికాల్ చాలు. పైకి కనిపించే పట్టీల పొరకు ఫెవిక్విక్ వాడితే మరకలు పడి వార్నిష్ పట్టదు.

ఫిరంగి కిటికీలు కొయ్యడానికి స్కేలు పెట్టి తిన్నగా గీత గీస్తారు చాలామంది. వద్దు. డెక్ మధ్యలో పల్లంగా, రెండు కొనలా ఎత్తుగా ఉంటుంది, కిటికీల వరస దాన్ని అనుసరించాలి.

హల్ అడుగున అతికించే రాగిరేకులు వేళ్ళతో పట్టుకుంటే వేలిముద్రలు నల్లబడతాయి, గ్లౌజులు వేసుకో. రంగు నీ ఇష్టం. చాలా కిట్లలో పసుపు చూపిస్తారు, 2015లో అసలు ఓడకు ట్రఫాల్గర్ నాటిదని తేలిన లేత గులాబీ ఛాయ వేశారు, నాకైతే అదే నచ్చింది. దారాలకు తేనెమైనం రాస్తే నూగు లేవదు. నిచ్చెన తాళ్ళు కట్టేటప్పుడు వెనకాల 5 మిల్లీమీటర్లకో గీత గీసిన తెల్ల అట్ట పెట్టుకో, కళ్ళు నొప్పెట్టవు.

అన్నట్టు నీ 1:72 ఓడ (అసలుదానిలో 72వ వంతు) మాస్ట్‌లు లేస్తే పొడవు మీటరు దాటుతుంది, ఎత్తూ దగ్గర దగ్గర అంతే. గాజు పెట్టె ఎక్కడ పెడతావో మీ ఆవిడతో ఇప్పుడే మాట్లాడుకో. బల్క్‌హెడ్లు నిలబెట్టాక పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు పంపు, నేను చూశాకే పట్టీలు మొదలుపెట్టు.

మీ పెదనాన్న