డంబెల్స్ ధర రోజుకోలా మారుతుంటే ఎప్పుడు కొనాలి?

కార్ట్‌లో పెట్టిన డంబెల్ సెట్ ధర మర్నాటికే పెరిగిందని, మీరు పదేపదే చూడటం వల్లే పెంచారేమోనని అడిగారు కదా. అలా జరగదని చెప్పలేను కానీ, ఎక్కువసార్లు కారణం వేరే ఉంటుంది. ఆన్‌లైన్ అమ్మకందారుల ధరలు చాలావరకు సాఫ్ట్‌వేరే మారుస్తుంది. పోటీదారు రేటు, మిగిలిన స్టాక్, గిరాకీ చూసి రోజులో ఎన్నిసార్లైనా సవరిస్తుంది. జనవరిలో కొత్త సంవత్సరం తీర్మానాల హడావిడి ఉంటుంది కాబట్టి అప్పుడు గిరాకీ ఎక్కువ. 2020 లాక్‌డౌన్లలోనైతే చాలా దేశాల్లో బరువులు దొరకడమే కష్టమైంది.

కొట్టేసి చూపించే పాత ధరను పట్టించుకోకండి. ధరల చరిత్ర చూపే సైట్‌లో గత కొన్ని నెలల గ్రాఫ్ చూస్తే ఆఫర్ నిజమో కాదో తెలుస్తుంది.

అసలు చూడాల్సింది కిలో ధర. డెలివరీ ఖర్చు కలిపి మొత్తాన్ని కిలోలతో భాగించండి. బరువైన సరుకు కాబట్టి 'ఉచిత డెలివరీ' అన్నా ఆ ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది. ధర ఒక్కదానికా, జతకా అన్నది కూడా చూడండి, చాలామంది బోల్తాపడేది అక్కడే! చవగ్గా కనిపించే సెట్లలో తరచూ రాడ్‌కు తొడిగే ప్లేట్లు ప్లాస్టిక్ తొడుగులో సిమెంట్ నింపినవై ఉంటాయి. అవి లావుగా ఉండి, బరువు పెంచేకొద్దీ రాడ్ మీద చోటు చాలదు.

తొందర లేకపోతే సెకండ్ హ్యాండ్ ఇనుప ప్లేట్లు వెతకండి. పైపై తుప్పు గీకేస్తే పోతుంది. రంధ్రం సైజు మాత్రం కొలవండి, లావు రాడ్ కోసం చేసిన, 50 మిల్లీమీటర్ల రంధ్రమున్న 'ఒలింపిక్' ప్లేట్లు మామూలు సన్నరాడ్‌కు వదులైపోతాయి.