కొరికిందెవరో చూశాకే మందు

ప్రశ్న: మా పెరటి జామచెట్టు విరగకాస్తోంది గానీ ఒక్క కాయా మా నోటికి రావడం లేదు. సగం కొరికినవి రాలిపోతున్నాయి, బాగున్నాయనుకున్న వాటిలో పురుగులు. ఏ మందు కొట్టాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు చెట్టు కింద చూడండమ్మా. నమిలి ఊసిన పిప్పి ముద్దలు, గోడ మీద రెట్టల చారలు ఉంటే రాత్రి గబ్బిలాలు వస్తున్నట్టు. పచ్చి ముక్కలు చిందరవందరగా పడి ఉంటే చిలకలు. కాయ కొమ్మకే వేలాడుతూ, సన్నటి పళ్లగాట్లతో ఒకవైపు గుల్లయి ఉంటే ఉడత. ఈ మూడింటికీ మందు లేదు. విషం జోలికి పోవద్దు. చిలకలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కూడా ఉంది.

పురుగు సంగతి వేరు. అది పండు ఈగ పని. కాయ రంగు తిరిగే వేళ తోలు కింద గుడ్లు పెడుతుంది. లోపల పురుగు పడ్డాక పైన ఏం చల్లినా దానికి తగలదు. అందుకే కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే పల్చటి గుడ్డ సంచి తొడిగి, తొడిమ దగ్గర బిగించండి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పట్టి కాయ కుళ్లుతుంది. ఉడత గుడ్డను కొరికేస్తుంది కాబట్టి, మొదలు మీద నాలుగడుగుల ఎత్తున రెండడుగుల వెడల్పు రేకు చుట్టి, గోడకూ తీగలకూ దగ్గరగా ఉన్న కొమ్మలు కొట్టేయండి. కింద నుంచే కొమ్మలేసిన చెట్టుకైతే రేకు దండగ.

వల కప్పాలంటే చిటికెన వేలు దూరని సన్నకన్నుది బిగించి కట్టండి. మన తీరంలో చవగ్గా దొరుకుతుందని పాత చేపల వల పరిస్తే గబ్బిలాలు, పాములు చిక్కి చస్తాయి.

అంగట్లో అమ్మే మిథైల్ యూజినాల్ ఎర బుట్టకు మగ ఈగలే వస్తాయి. గుడ్లు పెట్టేది ఆడది, కాబట్టి బుట్ట ఒక్కటే చాలదు. రాలిన కాయలు రోజూ ఏరి రెండడుగుల లోతున పూడ్చాలి. దిబ్బ మీద పారేస్తే పురుగు మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై లేస్తుంది.

చిలక కొరికిన పండు తియ్యన అంటారు గానీ, రాత్రి దాన్ని ఎవరు ఎంగిలి చేశారో మనకేం తెలుసు? గబ్బిలాల ఎంగిలితో నిపా వైరస్ సోకే ప్రమాదం ఉంది. గాటున్నది తినొద్దు.

ప్రశ్న: నిమ్మ ఆకులు, కాయల మీద గరుకు మచ్చలు వస్తున్నాయి. వానలు పడితే ఇంకా ఎక్కువవుతున్నాయి.
– ఒక పాఠకుడు, పొదలకూరు

జవాబు: అది గజ్జి తెగులు. బాక్టీరియా వల్ల వస్తుంది. గాలివాన చినుకులతో ఆకు నుంచి ఆకుకు పాకుతుంది. లేత ఆకులో తెల్లటి వంకర గీతలు తీసే పురుగు చేసిన గాయాలు దానికి దారి. అక్టోబరు వానలకు ముందే, పొడి రోజు చూసుకుని గజ్జి కొమ్మలు కత్తిరించి కాల్చేయండి.

తర్వాత మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం చల్లండి. ప్లాస్టిక్ బకెట్లో 5 లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, ఇంకో బకెట్లో 5 లీటర్లకు 100 గ్రాముల సున్నం కరిగించి వడకట్టండి. తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి కలుపుతూ పోయాలి, సున్నాన్ని తుత్తంలోకి పోయొద్దు. అందులో శుభ్రమైన ఇనుప కత్తి ఒక నిమిషం ముంచితే ఎర్రటి పూత పట్టిందా, సున్నం చాలలేదన్నమాట; ఇంకాస్త కలపండి. లేకపోతే ఆకు మాడుతుంది. ఆ రోజే వాడేయాలి, నిలవుంటే పనిచేయదు. ఇదంతా కుదరదంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు. కొత్త చిగురు వేసినప్పుడు పురుగుకు వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బుతో.

పాత సలహాల్లోని స్ట్రెప్టోమైసిన్ వద్దు. అది మనుషుల జబ్బులకు వాడే యాంటీబయాటిక్. మచ్చ తోలుకే గాని రసానికి కాదు. ఆ కాయలు నిక్షేపంగా వాడుకోండి.

ప్రశ్న: కోతులు మామిడికాయలన్నీ తెంపి పారేస్తున్నాయి.
– ఒక పాఠకుడు, గిద్దలూరు

జవాబు: నల్లమల పక్కన కోతికి ఖాయమైన మందు మా దగ్గర లేదు. కరెంటు తీగ మాత్రం వద్దు, మనుషులే పోతారు. చెట్టు మీద పండనివ్వకుండా ముందే కోసుకోండి. తొడిమ దగ్గర భుజాలు పైకి ఉబ్బి, నీళ్లలో వేస్తే మునిగే కాయ ముదిరినట్టు. అంగుళం తొడిమ ఉంచి కోస్తే సొన కారి తోలు నల్లబడదు. ఆ తర్వాత వరిగడ్డిలో మాగేయండి.