మలావిలో ఎంపీలకి శెనక్కాయ చేను చూపించిన అనుభవం

ఆఫ్రికాలో వ్యవసాయ ప్రాజెక్టులో చేరబోతున్నాను, అక్కడి ఎంపీలని పరిశోధన వైపు ఎలా తిప్పాలి అని అడిగారు కదండీ. నేను మలావిలో, రాజధాని లిలాంగ్వే దగ్గర చిటెడ్జె వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నాలుగేళ్లు శెనక్కాయ విత్తనం మీద పనిచేశా. మాది కదిరి వైపు, పంట కొత్త కాదు, ఈ ఎంపీల వ్యవహారమే కొత్త.

మొదటి ఏడాది హోటల్లో వర్క్‌షాప్ పెట్టి స్లైడ్లు వేశాం. వచ్చారు, భోంచేశారు, వెళ్లిపోయారు, ఒక్క ప్రశ్న లేదు. వాళ్లని తప్పుపట్టలేం. బడ్జెట్‌లో 10 శాతం వ్యవసాయానికి ఇస్తామని 2003లో మొజాంబిక్ రాజధాని మపుటోలో ఆఫ్రికా దేశాలు ఒప్పుకున్నాయి, మలావి చాలా ఏళ్లు ఆ మాట నిలబెట్టుకుంది కూడా, కానీ అందులో పెద్ద వాటా 2005లో మొదలైన ఎరువుల సబ్సిడీకే పోయేది. సబ్సిడీ ఎరువుకి కూపన్ ఇస్తే ఆ సీజన్లోనే ఓటరుకి కనబడుద్ది, కొత్త రకం రావాలంటే పదేళ్లు, ఎంపీ పదవేమో ఐదేళ్లు.

రెండో ఏడాది మార్చిలో, పంట నిలబడి ఉన్నప్పుడు, పార్లమెంటు వ్యవసాయ కమిటీ వాళ్లని ఆరుగుర్ని ఒక మహిళా రైతు చేనుకి తీసుకెళ్లాం. అక్కడ శెనక్కాయకి రోజెట్ అని వైరస్ తెగులుంది, పేనుబంక మోసుకొస్తుంది, మన దేశంలో లేదు కాబట్టి నేనూ అక్కడే మొదటిసారి చూశా. మేం నోరు తెరవలేదు, ఆవిడే అక్కడి భాష చిచేవాలో మాట్లాడింది. పాత రకం మొక్క ఒకటి పీకి ఒక ఎంపీ చేతిలో పెట్టింది, ఆకులు పసుపెక్కి గిడసబారి ఉంది, కింద ఒక్క కాయ లేదు. పక్క సాల్లో తెగులు తట్టుకునే రకం పీకితే మట్టితో సహా గుత్తులు. ఆయన రెండు చేతుల్లో రెండు మొక్కలూ పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు, ఈ విత్తనం మా నియోజకవర్గంలో ఎందుకు దొరకట్లేదు అన్నాడు.

మనం చెప్పాలనుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. శెనక్కాయ కిలో వేస్తే పది కిలోలు రావడం కూడా గొప్పే, పైగా రైతు తన విత్తనం తనే దాచుకుంటాడు, అందుకే కంపెనీలకి ఇందులో లాభం లేదు, విత్తనం పెంచే పని సర్కారు డబ్బుతోనే జరగాలి. అదే చెప్పి, బడ్జెట్‌లో ఆ పనికిచ్చే పద్దు ఎక్కడుందో ఒక్క పేజీలో రాసిచ్చాం. తర్వాతి కమిటీ మీటింగ్‌లో ఆయనే ఆ పద్దు గురించి అడిగాడని కమిటీ క్లర్క్ ఫోన్ చేసి చెప్పాడు, ఆ రోజు మా ఆఫీసులో ఎంత సంబరపడ్డామో.

ఆ క్లర్క్‌తో మాత్రం స్నేహం వదలకండి. ఎన్నికలొస్తే ఎంపీలు చాలామంది మారిపోతారు, కమిటీ ఫైళ్లు ఆయన దగ్గరే ఉంటాయి. ఇంకోటి, మేం ఉన్నప్పుడు మలావి ఆర్థిక సంవత్సరం జులైలో మొదలయ్యేది, 2022 నుంచి ఏప్రిల్‌కి మార్చారు, కాబట్టి మీరు వెళ్లేది అక్కడికే అయితే మార్చి దాకా ఆగొద్దు, ఫిబ్రవరి మొదట్లోనే చేనుకి తీసుకెళ్లండి.