సైన్యానికి సరుకు కొనే శాఖకి సైన్స్‌తో పనేంటి? మా పెట్టెకి బూజు పట్టిన కథ

"డీఆర్‌డీఓ క్షిపణులు తయారు చేస్తుంది, అంతవరకు అర్థమైంది. కానీ సైన్యానికి సరుకు సరఫరా చేసే శాఖకి పరిశోధనతో పనేంటి? టెండర్ పిలవడం, కొనడం, పంపడం, అంతేగా?" అని ఒకరు అడిగారు. 2011 దాకా నేనూ అలాగే అనుకున్నాను. ఆ ఏడాది మా పెట్టెకి బూజు పట్టింది.

అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో క్వాలిటీ చూసేవాడిని. సైన్యం వాహనాల్లో పెట్టే పవర్ సప్లై యూనిట్ ఆర్డర్ వచ్చింది. చెప్పుల డబ్బా అంత అల్యూమినియం పెట్టె. ఎలక్ట్రికల్ పరీక్షలన్నీ మొదటిసారే పాసైపోయాయి. తర్వాతవి జేఎస్ఎస్ 55555 పరీక్షలు. వరసగా ఐదు అయిదులు, ఈ లైన్‌లో ఉన్నవాళ్లు ఎవరూ మర్చిపోలేరు. ఎలక్ట్రానిక్ పరికరాలు ఎలాంటి వాతావరణాన్ని తట్టుకోవాలో చెప్పే రక్షణ శాఖ సొంత ప్రమాణం అది. ఎడారి వేడి, మంచు చలి, తేమ, దుమ్ము, వాన, ఉప్పుగాలి, కుదుపులు, అన్నీ ఉంటాయి. వాటిలో మోల్డ్ గ్రోత్, అంటే బూజు పెరుగుతుందా అని చూసే పరీక్ష ఒకటుంది. దాన్ని మేం పట్టించుకోలేదు. లోహపు పెట్టెలో బూజుకి తినడానికేముంది?

పరీక్ష చూడ్డానికి ఏమీ ఉండదు. బూజు బీజాలు కలిపిన నీళ్లను పెట్టె లోపలా బయటా స్ప్రే చేసి, వెచ్చగా చెమ్మగా ఉండే ఛాంబర్‌లో 28 రోజులు వదిలేస్తారు. పక్కనే ఒక నూలు గుడ్డ ముక్క కూడా పెడతారు. ఆ గుడ్డకి బూజు రాలేదంటే బీజాలే చచ్చాయని లెక్క, పరీక్ష మళ్లీ మొదటి నుంచి. మా గుడ్డ ముక్క వారంలోనే నల్లబడింది. ఫోన్లో ఆ మాట విని సంతోషించాం కూడా, పరీక్ష సరిగ్గా నడుస్తోందని.

28వ రోజు మూత తీశారు. సర్క్యూట్ బోర్డు శుభ్రంగా ఉంది. వైర్లను కట్టలుగా బిగించిన నూలు తాడు మీద మాత్రం నల్లటి నూగు, తాడు పొడవునా. అది మా తప్పే, నైలాన్ తాడు వాడాల్సింది. ఇంకో మచ్చ మూత లోపలి పెయింట్ మీద ఉంది, రూపాయి బిళ్ల కన్నా చిన్నది. ల్యాబ్‌లో అమ్మాయి భూతద్దం చేతికిచ్చి చూడమంది. వంపులు తిరిగిన సన్నటి గీతలు. వేలిముద్ర! పెయింట్‌ని బూజు ముట్టుకోలేదు. దాని మీద ఎవరో వేలు ఆనించినప్పుడు అంటిన చెమట, జిడ్డు మీద పెరిగింది.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దాయన మందలిస్తారనుకున్నాను. ఆయన టీ తెప్పించుకుని, "అడవిలో పెట్టిన రేడియోని శత్రువు కన్నా ముందు బూజే పట్టుకుంటుందయ్యా" అని సోలమన్ దీవుల కథ ఎత్తుకున్నారు. అప్పుడు సగమే నమ్మాను. తర్వాత చదువుకుంటే నిజమే.

రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, బెల్టులు, నూలు బట్టలన్నీ కుళ్లిపోయేవి. సరుకుల బాధ్యత వాళ్ల క్వార్టర్‌మాస్టర్ విభాగానిది. అంటే అచ్చంగా ఆ ప్రశ్నలోని సరఫరా శాఖ లాంటిదే. గుడ్డని ఏది తింటోందో తెలియకుండా మందు ఎలా పూస్తారు? అందుకని కుళ్లిన సరుకు నుంచి బూజుల్ని సేకరించి పెంచడం మొదలుపెట్టారు. సోలమన్ దీవుల్లో ఒక నూలు గుడారం నుంచి దొరికిన బూజుకి క్యూఎం 6ఎ అని నంబరిచ్చారు. క్యూఎం అంటే క్వార్టర్‌మాస్టరే. ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి బూజులు నూలుని ఎలా అరిగించుకుంటాయో దశాబ్దాలపాటు తవ్వారు. గుడ్డలోని సెల్యులోజ్‌ని ముక్కలు చేసి చక్కెరగా మార్చే ఎంజైముల్ని అవి బయటికి వదులుతాయని తేల్చారు.

నాకు బాగా నచ్చే మలుపు ఇక్కడే. గుడారాలకి నూలు పోయి సింథటిక్ వచ్చాక ఆ బూజుతో సైన్యానికి పెద్దగా పని లేకపోవాలి. కానీ 1970ల్లో చమురు సంక్షోభం వచ్చేసరికి అదే బూజుతో చెత్త కాగితం నుంచి చక్కెర, దాన్నుంచి ఇంధనం తీయొచ్చా అని చూడసాగారు. రీస్ పేరు మీదే దానికి ట్రైకోడెర్మా రీసీ అని పేరు పెట్టారు. గడ్డీ గాదం నుంచి ఇథనాల్ తీయడానికీ, జీన్స్‌కి వెలిసిన రంగు తెప్పించడానికీ వాడే ఎంజైముల్లో దీన్నుంచి వచ్చేవి ఎన్నో. పరిశ్రమలో వాడే ట్రైకోడెర్మా రీసీ రకాలన్నీ ఆ ఒక్క క్యూఎం 6ఎ సంతానమే.

మన దేశం సంగతికొస్తే శాఖల పేర్లే సగం గందరగోళం. పరిశోధన కోసం 1958లో డీఆర్‌డీఓ పుట్టింది. 1962లో రక్షణ ఉత్పత్తి శాఖ, 1965లో రక్షణ సరఫరాల శాఖ వచ్చాయి. ఈ రెండోదాని పని, బయటి దేశాల నుంచి కొనేవాటిని ఇక్కడే చేయించడం. 1984లో రెండిటినీ కలిపేశారు, 2004లో పేరులోంచి 'సరఫరాలు' తీసేశారు. క్వాలిటీ తనిఖీ చేసే డీజీక్యూఏ, ప్రమాణాలు రాసే విభాగం ఈ ఉత్పత్తి శాఖ కిందివే. కాబట్టి సరఫరా వైపు జరిగే సైన్స్ చాలావరకు స్పెసిఫికేషన్ కాగితాల్లోనే ఉంటుంది, పరిశోధన పత్రాల్లో రాదు. "నూలు తాడు వాడరాదు" లాంటి ఒక్క లైను వెనక ఎక్కడో ఎన్నో కుళ్లిన తాళ్లు ఉంటాయి. బయటివాళ్లకి ఆ పరిశోధన కనపడకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను.

ల్యాబుల్లో జరిగేది చూడాలంటే డీఆర్‌డీఓ వైపే చూడాలి. మైసూరులోని ఆహార పరిశోధనశాల నెలల తరబడి పాడవకుండా ఉండే చపాతీల మీద కుస్తీ పట్టింది (మళ్లీ బూజే!). 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్లినప్పుడు మన వంటకాలు పంపింది కూడా వాళ్లే. గ్వాలియర్ ల్యాబ్ దోమల్ని తరిమే డెపా మందు కనిపెట్టింది. వీటి గురించి నాకు బయట నుంచి తెలిసిందే తప్ప లోపల పని చేసిన అనుభవం లేదు.

అన్నీ గొప్పగా ఉంటాయని మాత్రం చెప్పను. మా పెట్టె ఫెయిలైనట్టు రిపోర్టు ఒకే ఒక్క లైను, కారణం రాయలేదు. ల్యాబ్‌లో ఆ అమ్మాయి భూతద్దం ఇచ్చి వేలిముద్ర చూపించకపోయి ఉంటే తాడొక్కటే మార్చి మళ్లీ పంపేవాళ్లం, మళ్లీ ఫెయిలయ్యేవాళ్లం. ఆ జ్ఞానమంతా మనుషుల బుర్రల్లో ఉండిపోయి, వాళ్లు రిటైరైతే పోతుంది. చిన్న కంపెనీలకి అదే పెద్ద టెన్షన్.

తాడు మార్చాం. మూత బిగించే ముందు స్పిరిట్‌తో తుడవాలి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు అని గోడ మీద బోర్డు పెట్టాం. ఇంకో 28 రోజులు. ఈసారి పాస్. ఆలస్యానికి ఎల్‌డీ, అంటే జరిమానా కింద బిల్లులో కోత పడింది, ఆ బాధ వేరే. ఆ వేలిముద్ర ఎవరిదో తేల్చమని మా ఎండీ చాన్నాళ్లు నా వెంటపడ్డారు. పెట్టె పంపే ముందు చివరిసారి మూత తీసి చూసింది నేనే అని ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.